టెన్షన్ పడితే షుగర్ ఎందుకు పెరుగుతుంది? – బెంగళూరు శ్రోతలతో డాక్టర్ ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరు తెలుగువారి కోసం నడిపే ఆరోగ్య ఫోన్-ఇన్‌కి స్వాగతం. మధుమేహ నిపుణురాలైన డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ మారతహళ్ళి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ డాక్టర్ గారూ. నాకు 52 ఏళ్ళు. మాత్రలు వేళకే వేసుకుంటాను. పరగడుపున 120, 125 ఉండేది. మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పటి నుంచి 180కి తగ్గట్లేదు. తిండి మారలేదండీ, ఒట్టు. మా ఆయనేమో దొంగచాటుగా స్వీట్లు తింటున్నావంటారు.

డాక్టర్: మీ మాట నేను నమ్ముతున్నానమ్మా. భయమో దిగులో పట్టుకున్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఏదో ఆపద వచ్చింది, శక్తి కావాలి అనుకుని కాలేయం దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అదే సమయంలో, షుగర్‌ని తగ్గించే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ లేనివాళ్ళకు క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ ఇచ్చి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ సర్దుబాటు జరగదు. అందుకే ఏమీ తినకపోయినా మీటర్లో అంకె పెరుగుతుంది. మీవారు కూడా ఇది వింటే బాగుండు.

శ్రోత: పక్కనే ఉన్నారండీ.

డాక్టర్: మంచిది. మరి నిద్ర ఎలా ఉంది?

శ్రోత: నిద్రెక్కడిదండీ? కల్యాణ మండపం అడ్వాన్సులు, చీరలు, చుట్టాల ఫోన్లు. పడుకునేసరికి ఒంటి గంట దాటుతుంది. నడక కూడా మానేశాను.

డాక్టర్: అదిగో! నిద్ర తగ్గినా ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఇటు నడకా లేదు. టెన్షన్ నేరుగా చేసే చెడు కొంతయితే, అది మన అలవాట్లను చెడగొట్టి చేసేది ఇంకొంత. తెల్లవారుజామున కార్టిసాల్ మామూలుగానే పెరుగుతుంది కాబట్టి మీకు పరగడుపు అంకెలో తేడా తెలుస్తోంది.

శ్రోత: అయితే రాత్రి మాత్ర ఇంకొకటి వేసుకోనా?

డాక్టర్: వద్దమ్మా, సొంతంగా మాత్ర పెంచకండి. టెన్షన్ తగ్గిన రోజున షుగర్ మరీ పడిపోవచ్చు. ఒక నోటుబుక్ పెట్టుకోండి. మీటర్ చూసే ముందు, మనసులో ఆందోళన ఎంత ఉందో ఒకటి నుంచి పది వరకు మార్కు వేయండి. తర్వాత షుగర్ చూసి పక్కన రాయండి. ముందు షుగర్ చూస్తే ఆ అంకెను బట్టే మార్కు వేసేస్తాం, అందుకే ఈ వరుస. రెండు వారాలు రాస్తే రెండింటికీ పొత్తు ఉందో లేదో తెలుస్తుంది. ఆ పుస్తకం మీ డాక్టర్‌కి చూపించండి. ఈలోగా మూత్రంలో మంట, పంటి వాపు, జ్వరం ఉన్నా, కీళ్ళ నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నా అదీ చెప్పాలి. వాటివల్లా పెరుగుతుంది, అన్నీ టెన్షన్ మీదకు నెట్టకూడదు. భోంచేశాక పది పదిహేను నిమిషాలు నడవండి. ఆ సమయంలో చుట్టాల ఫోన్లు మీవారు ఎత్తాలి. ఇదీ వైద్యంలో భాగమే.

వ్యాఖ్యాత: బెళ్ళందూరు నుంచి మరో కాల్.

శ్రోత: మేడం, నాకు 34. సాఫ్ట్‌వేర్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రలు వాడుతున్నాను. మీటింగ్ ముందు చెమటలు, చేతుల వణుకు, గుండె దడ. షుగర్ పడిపోయిందని చాక్లెట్ తింటాను. సాయంత్రం చూస్తే 240 ఉంటుంది.

డాక్టర్: చాక్లెట్ తినే ముందు ఎప్పుడైనా మీటర్లో చూశారా?

శ్రోత: లేదు మేడం, మీటర్ ఇంట్లో ఉంటుంది.

డాక్టర్: రేపటి నుంచి బ్యాగులో ఉండాలి బాబూ. షుగర్ పడిపోయినా, భయపడినా ఒంట్లో పొంగేది ఆ అడ్రినలినే. చెమట, వణుకు, దడ రెండింటికీ ఒకటే. ఎంత అనుభవం ఉన్నా లక్షణాన్ని బట్టి కచ్చితంగా చెప్పలేం. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది, కాబట్టి అది వద్దు. 70 పైన ఉంటే అది చాలావరకు భయమే. కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలండి. చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు మామూలు స్థాయికి దిగుతున్నా ఇలా అనిపించవచ్చు.

శ్రోత: మీటర్ లేనప్పుడు వణుకొస్తే?

డాక్టర్: అప్పుడు పంచదార తాగేయండి. కాసేపు షుగర్ పెరగడం కన్నా మరీ పడిపోవడమే ప్రమాదం. ఇంకో ప్రశ్న, మీటింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం తింటున్నారా?

శ్రోత: చాలాసార్లు కుదరదు మేడం.

డాక్టర్: గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం మానితే షుగర్ నిజంగానే పడిపోతుంది. మీకు కొన్నిసార్లు షుగర్ పడిపోవడం, కొన్నిసార్లు ఉత్త భయం అవుతుండవచ్చు. ఈ సంగతి మీ డాక్టర్‌కి తప్పక చెప్పండి, మాత్ర మార్చే వీలుంది. దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ లాంటివి ఎవరైనా ఇస్తే షుగర్ మందుల సంగతి కూడా చెప్పండి. షుగర్ పడిపోతున్నప్పుడు వచ్చే వణుకునీ, దడనీ అవి కప్పేస్తాయి.

వ్యాఖ్యాత: ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్న కొడుకుకి పరీక్షలప్పుడు షుగర్ తగ్గుతోందని ఒక తల్లి మెసేజ్ పంపారు.

డాక్టర్: టైప్ 1లో టెన్షన్ వల్ల పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. ఆ రోజుల్లో ఎక్కువసార్లు చూడాలి. ఏ కారణానికీ ఇన్సులిన్ ఆపకూడదు.

వ్యాఖ్యాత: విజయనగర నుంచి పెద్దాయన ఉన్నారు.

శ్రోత: డాక్టరమ్మా, నాకు 68. మాత్రల మీదే ఉన్నాను. రోజుకి ఎనిమిది పదిసార్లు చూసుకుంటాను. అంకె ఎక్కువుంటే ఆ పూటంతా ఏమీ తోచదు. ఇంట్లో వాళ్ళు ఎంతొచ్చింది, ఎంతొచ్చింది అని అడుగుతుంటారు. విసుగొచ్చేసిందమ్మా.

డాక్టర్: సార్, ఏళ్ళ తరబడి ఈ జబ్బును మోస్తుంటే మనసు అలసిపోతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. మాత్రలు మాత్రమే వాడేవాళ్ళలో చాలామందికి అన్నిసార్లు చూడాల్సిన పనిలేదు. ఎప్పుడెప్పుడు చూడాలో మీ డాక్టర్‌ని రాసివ్వమనండి. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా, ఒక్క పూట అంకె చూసి బెంగపడకండి. ఇంట్లోవాళ్ళు అంకె అడగడం మాని, మీతో కలిసి నడకకు రావాలి. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మానసిక వైద్యుణ్ణి కలవండి. మన ఊళ్ళో నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 కి కూడా ఫోన్ చేయవచ్చు.

శ్రోత: తెలుగులో మాట్లాడతారా అమ్మా?

డాక్టర్: మాట్లాడతారు సార్, భాష ఎంచుకోవచ్చు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. రాత్రి పూట అయినా చేయవచ్చు.

శ్రోత: ఆ నంబరు ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను.

డాక్టర్: 14416, సార్.