ఏమీ పెరగని ప్లేటు

గౌరవనీయులైన అధ్యాపకులకు, సూక్ష్మజీవుల శాస్త్రం, అంటే మైక్రోబయాలజీ చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. ఉన్నాయమ్మా. ఇంజెక్షన్లు, టీకాలు తయారుచేసే పరిశ్రమల్లో, డెయిరీల్లో, తాగునీటి పరీక్షా కేంద్రాల్లో, ఆసుపత్రుల ల్యాబుల్లో ఉన్నాయి. పరిశోధన మీద మనసున్నవారు ఎమ్మెస్సీ చేసి, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో అర్హత పొంది పీహెచ్‌డీలో చేరవచ్చు. అయితే ఆసుపత్రిలో వైద్యుడి హోదాలో మైక్రోబయాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ తరువాత ఎండీ చేయాలి. ఈ తేడా తెలియక తరువాత బాధపడినవారిని చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను చాలా ఏళ్లు ఇంజెక్షన్ల పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. మందును సీసాల్లో నింపే గదిలో సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన పోషకాల జెల్లీ, అంటే మీడియా పోసిన ప్లేట్లను మూత తీసి ఉంచి, గాలిలోంచి వాటి మీద రాలినవి పెరగడానికి వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టి, కొన్ని రోజుల తరువాత కాలనీలు, అంటే కంటికి కనిపించేంతగా పెరిగిన సూక్ష్మజీవుల గుంపులు లెక్కపెట్టడం మా పని. నింపే చోట ఒక్క కాలనీ కూడా రాకూడదు, సాధారణంగా రాదు కూడా. అందువల్ల నెలల తరబడి సున్నా అనే రాస్తూ పోతాం; చివరికి ప్లేటును చూడకముందే చేయి సున్నా రాయడానికి సిద్ధపడుతుంది. ఈ వృత్తిలో నేను అన్నిటికంటే భయపడింది ఆ అలవాటుకే. ఒకనాడు ప్లేటు అంచున ఆవగింజంత కాలనీ కనిపిస్తే, దానికి గ్రామ్ స్టెయిన్ అనే రంగుల పరీక్ష చేసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ద్రాక్షగుత్తుల్లా ఊదారంగు గుండ్రని కణాలుంటే అవి మనిషి చర్మం మీది స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా కావచ్చు, అంటే చేతి తొడుగులను, దుస్తులను అనుమానించాలి. స్పోర్లు, అంటే గట్టి రక్షణ పొరలున్న బీజరూపాలు ఉన్న కడ్డీ ఆకారపు కణాలుంటే దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో, గదిని శుభ్రం చేసిన తీరులో లోపమేమిటో వెతకాలి. అప్పటిదాకా ఆ బ్యాచ్ గోదాము దాటదు. పై అధికారుల ముఖాలు ముడుచుకుంటాయి. అయినా పుస్తకంలో ఒకటి అనే రాయాలి, ఎందుకంటే ఆ మందు ఎక్కేది రోగి రక్తంలోకి.

పరిశోధనలోనూ ఇంతే. 2005 ఏప్రిల్‌లో ఇస్రో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణేలోని ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థలు వాటిని పరిశీలించగా 3 కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట పేరు కలిపి పెట్టారు. 2009లో ఈ సంగతి వెల్లడైనప్పుడు నన్ను కట్టిపడేసింది ఆ పేర్లు కావు. అవి నేల మీదే ఎక్కడో అంటుకున్నవి కావని చెప్పగలగడానికి ఆ శాస్త్రవేత్తలు తీసుకున్న జాగ్రత్తలు.

రేపటి ప్రాక్టికల్‌లో ఏ నమూనా వేయని ప్లేటును కూడా ఇంక్యుబేటర్‌లో పెట్టండి. మరునాడు ముందు దాన్నే చూడండి. దాని మీద ఏదైనా పెరిగి ఉంటే అది నమూనాలోంచి వచ్చింది కాదు; కాబట్టి మిగతా ప్లేట్ల లెక్కలు పక్కనపెట్టి, మీడియా తయారీ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.