మద్రాసు కౌన్సిల్‌లో కుర్చీ, బందరు కోటలో తిరుగుబాటు

అందరికీ నమస్కారం. 1809 జూన్ 25న బందరు కోటలో లెఫ్టినెంట్ కర్నల్ ఇన్నెస్‌ను నిర్బంధించారు. చేసింది సిపాయిలు కాదు, ఆయన కింద పనిచేసే దొరలే. ఈ గొడవ మూలం మద్రాసు కౌన్సిల్‌లో ఉంది.

మద్రాసు సేనాధిపతికి అప్పటిదాకా గవర్నర్ కౌన్సిల్‌లో సీటుండేది. 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత కంపెనీ డైరెక్టర్లు గవర్నర్ బెంటింక్‌నీ, సేనాధిపతి క్రాడక్‌నీ వెనక్కి పిలిచారు. కొత్త సేనాధిపతి హే మెక్‌డోవల్‌కు పదవి దక్కింది గానీ సీటు దక్కలేదు. పరువు సంగతి అటుంచండి. సభ్యుడైతే చర్చలో కూర్చుంటాడు, నచ్చకపోతే అసమ్మతి రాయిస్తాడు. సభ్యుడు కాకపోతే గుమ్మం బయట నిలబడి అర్జీలు పెట్టుకోవాలి.

సరిగ్గా అప్పుడే డేరాల కాంట్రాక్టు రద్దయింది. యుద్ధమున్నా లేకున్నా డేరాల ఖర్చుకని అధికారులకు నెలనెలా భత్యం ముట్టేది. అందులో స్వలాభం విధికి అడ్డొస్తుందని, సైన్యం సరంజామా చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ కర్నల్ జాన్ మన్రో నివేదిక రాశాడు. (మన థామస్ మన్రో కాదు లెండి.) డబ్బు పోయింది, పైగా దొంగలన్నట్టు మాట! అధికారులు భగ్గుమన్నారు. 1809 జనవరిలో మెక్‌డోవల్ మన్రోను అరెస్టు చేయించాడు, గవర్నర్ బార్లో విడిపించాడు. మెక్‌డోవల్ మన్రోను మందలిస్తూ సైన్యానికి ఉత్తర్వు వదిలి ఓడెక్కేశాడు. బార్లో ఆయన్ని పదవి నుంచి తీసేసి, ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన మేజర్ బోల్స్‌నూ సస్పెండ్ చేశాడు. పైవాడు చెప్పింది చేసినందుకు కిందివాడికి శిక్షేమిటి? బార్లో అసలు తప్పు నాకు ఇక్కడే కనిపిస్తుంది.

మేలో ఇన్నెస్ అక్కడి తెల్ల పటాలానికి నాయకుడిగా బందరు వచ్చాడు. విందులో అధికారులు "సైన్యానికి మిత్రులైనవాళ్ల కోసం" అని గ్లాసులెత్తబోయారు. ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్లకని దాని అర్థం. "మద్రాసు సైన్యం కోసం" అందామన్నాడు ఇన్నెస్. వాళ్లు ఒప్పుకోలేదు. ఆయన బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లి మద్రాసుకు ఫిర్యాదు రాశాడు. ఒక లెఫ్టినెంటును కొండపల్లికి పంపేశారు. తర్వాత పటాలంలో కొందరిని ఓడలెక్కించమని ఉత్తర్వు వచ్చింది. తమను ముక్కలు చేయడానికే ఈ ఎత్తు అనుకున్నారు, ఇన్నెస్‌ను పట్టుకున్నారు.

ఆ సెగ సికింద్రాబాదుకూ, శ్రీరంగపట్నానికీ పాకింది. సెప్టెంబరులో గవర్నర్ జనరల్ మింటో స్వయంగా మద్రాసు రావలసి వచ్చింది.

సీటు దక్కని మెక్‌డోవల్‌కు మాత్రం ఇవేవీ తెలియవు. ఆయన ఎక్కిన ఓడ ఆ మార్చిలోనే హిందూ మహాసముద్రంలో తుఫానుకు గల్లంతైంది.