కంచిలో ఒక్క రాత్రి ఉండండి

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకు, వెనక వరసలో ఫ్యాను కింద చోటు చూసుకున్న తెలివైనవాళ్లకు, సాంబారులో పోపు పడేలోపు నేను ముగిస్తానని నమ్మి వచ్చిన అందరికీ నమస్కారం. పరిచయం చేసిన అబ్బాయి నన్ను చరిత్ర పరిశోధకురాలు అన్నాడు. కాదండీ. ఈ చెన్నైలో తెలుగు పిల్లలకు సోషల్ పాఠం చెప్పి రిటైరయిన మనిషిని. పాఠం చెప్పే అలవాటు మాత్రం పోలేదు, మీరే భరించాలి.

వచ్చే నెల మన సమితి తరఫున కంచి యాత్ర ఉంది కదా, వెళ్లేవాళ్లకు క్షేత్రం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్తాను. దానికి ముందు ఈ కాగితం చదవనివ్వండి. గుమ్మం దగ్గర మీ అందరికీ పంచినదే. ఉదయం ఆరు, పానగల్ పార్కు దగ్గర బస్సు. ఎనిమిదిన్నర, కామాక్షి. తొమ్మిదిన్నర, ఏకాంబరేశ్వరుడు. పదిన్నర, వరదరాజస్వామి, బంగారు బల్లి. పన్నెండు, భోజనం. ఒంటిగంట నుంచి నాలుగు దాకా పట్టుచీరలు. నాలుగింటికి బస్సు. ఏడింటికి ఇల్లు.

లెక్క చూశారా? అమ్మవారికి ఒక గంట, అయ్యవారికి ఒక గంట, చీరలకు మూడు గంటలు!

నవ్వకండి. నాకు చీరల మీద కోపమేమీ లేదు, ఈ కట్టుకున్నది అక్కడిదే. నా బాధ వేరే. కంచిలో గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసేస్తారు, మళ్లీ నాలుగింటికి గాని తియ్యరు. తలుపు తీసే సమయానికి మీరు బస్సు ఎక్కుతున్నారు. కార్లు లేని రోజుల్లో మనవాళ్లు వెళ్తే ఏ సత్రంలోనో పడుకుని, సాయంత్రం దీపాలు చూసి, తెల్లవారి మేలుకొలుపు విని వచ్చేవాళ్లు. కారు వచ్చింది, డెబ్భై అయిదు కిలోమీటర్లు రెండు గంటలయింది, ఊరు మనకు సగం పూట అయిపోయింది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

సరే, క్షేత్రం. మోక్షమిచ్చే పురాలు ఏడంటారు. అయోధ్య, మథుర, మాయ అంటే హరిద్వారం, కాశి, కంచి, అవంతిక అంటే ఉజ్జయిని, ద్వారక. ఏడింట్లో దక్షిణాదిన ఉన్నది కంచి ఒక్కటే. కాశీకి టికెట్టు దొరకలేదని ఏడుస్తాం, ఇంటి పక్క పురికి మధ్యాహ్నం భోజనానికి వెళ్లొస్తాం. ఊరు రెండు ముక్కలు, పెద్ద కంచి, చిన్న కంచి. పెద్ద కంచిని శివ కంచి అని, చిన్న కంచిని విష్ణు కంచి అని అంటారు. ఊరి పక్కన జైనుల కంచి కూడా ఉంది. తిరుప్పరుత్తికుండ్రం అంటారు, అక్కడ పైకప్పు మీద రంగుల బొమ్మలు చూడాలి. ఎవరూ వెళ్లరు, కాబట్టి హాయిగా చూడొచ్చు.

కామాక్షి దగ్గర ఒకటి గమనించండి. కంచిలో ఏ శివాలయానికి వెళ్లినా అమ్మవారికి విడిగా సన్నిధి ఉండదంటారు. ఊరందరికీ ఒక్కతే అమ్మ. చేతిలో చెరకువిల్లు, పూలబాణాలు, పద్మాసనంలో కూర్చుని ఉంటుంది. ఏకాంబరేశ్వరుడిది పృథ్వీలింగం. అమ్మవారు ఇసుకతో లింగం చేసి తపస్సు చేస్తుంటే వరద వచ్చిందట, కొట్టుకుపోతుందేమోనని గట్టిగా కావిలించుకుందట. ఇసుక లింగం గనక ఇప్పటికీ నీళ్లతో అభిషేకం చెయ్యరు. ఆ కథ జరిగిందనే మామిడిచెట్టు ప్రాకారంలోనే ఉంది.

ఆ గుడి రాజగోపురం తల ఎత్తి చూడండి, దాదాపు 59 మీటర్లు. కట్టించింది ఎవరు? మన శ్రీకృష్ణదేవరాయలు, 1509లో. అంతకు ముందు అదే గుడిలో కాకతీయ గణపతిదేవుడి శాసనం ఉంది, 1249 నాటిది. నెల్లూరు మనుమసిద్ధి, అదే మన తిక్కన గారి మనుమసిద్ధి, ఆయన తండ్రి తిక్కరాజు కంచిని ఏలాడు. ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు 1316లో కంచిని పట్టుకుని తన మనిషిని అక్కడ కూర్చోబెట్టాడు, వరదరాజస్వామి గుడిలో శాసనం రాయించాడు. కామాక్షి మీద శ్యామశాస్త్రి గారు పాడుకున్నది ఎక్కువగా తెలుగులోనే.

ఆగండి, చప్పట్లు కొట్టకండి. ఇందుకే నాకు భయం. 'కంచి మనదే' అని ఎవరో అనేశారు కూడా. కంచి మనది కాదు. కంచి పల్లవులది, చోళులది, ఆ రోడ్ల మీద ఇడ్లీ అమ్ముకునేవాళ్లది. మన రాజులు కత్తి పట్టుకుని వెళ్లారు, కొందరు గోపురం కట్టి వచ్చారు, కొందరు కప్పం పట్టుకుని వచ్చారు. నాకు వాళ్లందరికంటే నచ్చిన రాజు ఒకడున్నాడు, ఆయన తెలుగువాడూ కాదు, తమిళుడూ కాదు. బాదామి చాళుక్యుడు రెండో విక్రమాదిత్యుడు. పల్లవులు అంతకు నూరేళ్ల ముందు బాదామిని తగలబెట్టి పోయారు. ఆ పగ తీర్చుకోవడానికి 740 ప్రాంతంలో కంచి మీదికి వచ్చాడు, ఊరు చేతికి చిక్కింది. ఇంక దోచుకోవడమే. కైలాసనాథుడి గుడిలో పోగుపడ్డ బంగారం చూశాడు. చూసి, దేవుడి సొత్తు దేవుడికే ఇచ్చేసి వెళ్లాడు. ఇచ్చానని అక్కడే స్తంభం మీద కన్నడంలో చెక్కించాడు. ఓడిపోయినవాడి గుడిలో గెలిచినవాడి కన్నడ శాసనం! పన్నెండు వందల ఏళ్లు దాటింది, ఇంకా ఉంది.

ఇప్పుడు మళ్లీ ఈ కాగితం చూడండి. కైలాసనాథుడి పేరుందా?

లేదు. ఎందుకు లేదని కార్యదర్శిగారిని అడిగితే, 'అది కాస్త పక్కకు ఉంటుందండీ, పూజలు పెద్దగా ఉండవు' అన్నారు. ఊళ్లోకెల్లా పాత గుళ్లలో ఒకటి పక్కకు ఉందట, చీరల కొట్టు మాత్రం దారిలో ఉందట.

ఎనిమిదో శతాబ్దం మొదట్లో రాజసింహ పల్లవుడు కట్టించిన గుడి అది. ఇసుకరాయి. గ్రానైటు కాదు కాబట్టి గోరుతో గీస్తే రాలుతుంది, దయచేసి గియ్యకండి. ప్రాకారం చుట్టూ 58 చిన్న చిన్న గుళ్లు. కొన్నింట్లో పాత రంగుల చారికలు ఇంకా కనబడతాయి. రాజరాజ చోళుడు తంజావూరులో పెద్దగుడి కట్టడానికి ముందు దీన్నే కళ్లారా చూశాడంటారు. గర్భగుడి చుట్టూ ఒక సందు ఉంది. వంగి, దాదాపు పాకుతూ దూరి, ప్రదక్షిణం చేసి, అట్లాగే పాకుతూ బయటకు రావాలి. అలా వస్తే మళ్లీ పుట్టుక ఉండదని నమ్మకం.

ఆ సందు మాట వచ్చింది కనక మా మేనత్త సంగతి చెప్పక తప్పదు. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

అత్తివరదర్ తెలుసు కదా. వరదరాజస్వామి గుడి కోనేట్లో, అనంతసరస్సులో, నీళ్లకింద అత్తికర్రతో చేసిన స్వామి ఉంటాడు. అత్తి అంటే మేడి. నలభై ఏళ్లకోసారి పైకి తెస్తారు. 1979లో తెచ్చారు, మళ్లీ 2019లో తెచ్చారు. 2019లో జులై 1 నుంచి నలభై ఎనిమిది రోజులు. జులై అంతా పడుకున్న స్వామి, ఆగస్టు నుంచి నిలబడ్డ స్వామి. కోటి మంది దాకా వచ్చారని లెక్క చెప్పారు.

మా మేనత్తది నెల్లూరు. 79లో మా ఇంట్లో దిగి కంచి వెళ్లింది, పడుకున్న స్వామిని చూసింది. మొహం చక్కగా, తనివితీరా చూసింది. అప్పట్లో ఈ తోపులాట లేదట. ఉండి నిలబడ్డ స్వామినీ చూసి వెళ్దామనుకుంటే, మామగారికి సుస్తీగా ఉందని టెలిగ్రాము వచ్చింది, రైలెక్కేసింది. ఇంక నలభై ఏళ్లూ అదే పాట. పెళ్లిళ్లలో, తద్దినాల్లో, ఎవరు కనబడినా, 'నేను పడుకున్నాయన్ని చూశాను గాని నిలబడ్డాయన్ని చూడలేదే' అని. కొడుకులు విసుక్కునేవాళ్లు.

2019 ఆగస్టులో దిగింది మళ్లీ మా ఇంటికి. ఎనభై దాటిన మనిషి. వద్దత్తా, జనం తొక్కేస్తారు అంటే, 'నేను పోతే కంచిలోనే పోతాను, మీకు బాడుగ మిగులుతుంది' అంది. వెళ్లాం. చిన్న కంచి వీధుల్లో లైను, ఎండ, ఉక్క, మజ్జిగ ప్యాకెట్లు. ఎంతసేపు నిలబడ్డామో నేను చెప్పను, చెబితే మీరు ఈ యాత్రకూ రారు. లోపలికి వెళ్లేసరికి పోలీసులు 'పోంగ, పోంగ' అని భుజం పట్టి తోసేస్తున్నారు. మా అత్త పొట్టి మనిషి. ముందు ఒక ఆజానుబాహువు నిలబడ్డాడు. బయటికొచ్చాక భయంభయంగా అడిగాను, చూశావా అత్తా అని. 'కాళ్లు చూశానే. పూలదండ కొస చూశాను. మొహం కనబడలా. పోన్లే, మొహం 79లో చూశాగా, సరిపోయింది' అంది.

ఆ రాత్రి బస్సు దొరకలేదు. అదే మా అదృష్టం. తెలిసినవాళ్ల ద్వారా పిళ్లయార్‌పాళెంలో ఒక నేతవాళ్ల ఇంటి అరుగు మీద పడుకున్నాం. ఆ ఇంటావిడ మంచినీళ్ల చెంబు తెచ్చి, 'ఏమమ్మా, తింటిరా?' అంది. తెలుగు! ఎన్నో తరాల కిందట వచ్చిన తెలుగు, బళ్లో ఎన్నడూ చదువుకోని తెలుగు. కంచి నేతవాళ్లలో ఎంతోమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. లోపల గుంటమగ్గం మీద సగం నేసిన చీర. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు. రెండూ వేరే నాడెలతో నేస్తూ ప్రతి పోగు దగ్గరా ఒకదాన్నొకటి పట్టించాలి. దాన్నే కోర్వై అంటారు. ఒక్కరి వల్ల కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. ఆ ఇంట్లో ఆ రెండో మనిషి ఆవిడే. మీరు షోరూములో ఏసీలో కూర్చుని వచ్చీరాని తమిళంలో బేరమాడే చీర అక్కడ పుడుతుంది. మూడు గంటల షాపింగులో ఒక్క గంట ఆ వీధుల్లో నడవండి, కొనకపోయినా ఫరవాలేదు.

తెల్లవారి ఆరింటికి అక్కణ్ణించి కైలాసనాథుడి గుడికి తీసుకెళ్లాను. ఊళ్లో లక్షల మంది. ఆ గుడిలో పూజారి, తోటమాలి, మేమిద్దరం. ఎండ ఏటవాలుగా పడి సింహాల స్తంభాలన్నీ తేనెరంగులో ఉన్నాయి. పూజారి ఆ సందు చూపించి, 'అమ్మా, వంగగలిగితే వెళ్లండి, పునర్జన్మ ఉండదు' అన్నాడు. మా అత్త వంగి లోపలికి తొంగి చూసింది. కాసేపు ఆలోచించింది. 'వద్దులే బాబూ. 2059లో మళ్లీ తీస్తారుగా, నిలబడ్డాయన మొహం చూడాలి' అంది.

మోక్షం వద్దంది, అర్థమయిందా? గుమ్మం దాకా వచ్చి.

ఏదో సామెత గుర్తొచ్చి కొందరు నవ్వుతున్నారు, కథ కంచికి అని. నేను అనను, మీరే అనుకోండి.

బల్లి మాట కూడా చెప్పేస్తాను, లేకపోతే ఊరుకోరు. వరదరాజస్వామి గుడిలో పైకప్పుకు బంగారు బల్లి, వెండి బల్లి ఉంటాయి, మెట్లెక్కి ముట్టుకుంటారు. మనిళ్లలో ఎవరి మీదైనా బల్లి పడితే కంచి బల్లిని ముట్టుకున్నవాళ్లెవరున్నారా అని వీధంతా వెతుకుతారు కదా. మా అపార్టుమెంటులో ఆ ఉద్యోగం నాది. తప్పకుండా ముట్టుకోండి. కాని అక్కడి లైనులోనే పూట గడిపేసి, విజయనగరం వాళ్ల కాలపు కల్యాణమండపం చూడకుండా రాకండి. గుర్రపు రౌతుల స్తంభాలు, మూలల్లో రాతితోనే చెక్కిన గొలుసులు. తినడానికి అక్కడి ప్రసాదం ఇడ్లీ అడగండి. మిరియం, జీలకర్ర, శొంఠి వేసి బుట్టలో ఉడికిస్తారు, మన ఇడ్లీలాగా మెత్తగా ఉండదు, కోసుకు తినాలి.

గరుడసేవ సంగతి చెప్పలేదు. తమిళుల వైకాసి నెలలో జరిగే బ్రహ్మోత్సవంలో, ఇంకా చీకటి వదలకముందే స్వామి గరుడవాహనం మీద గోపురంలోంచి వస్తాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం గొడుగులు అడ్డం పెట్టి స్వామిని కనబడకుండా చేస్తారు. షోళింగర్‌లో దొడ్డయాచార్యులని ఒక భక్తుడు ఆ ఏడు రాలేకపోతే, ఆ క్షణంలో స్వామి వెళ్లి ఆయనకు కనబడి వచ్చాడట. అందుకని ఇప్పటికీ ఆ క్షణం ఆయనది, మనది కాదు. పానగల్ పార్కు నుంచి ఆరింటికి బయల్దేరేవాళ్లకు ఇది ఏ జన్మలోనూ కనబడదు!

కార్యదర్శిగారూ, లేవకండి, అయిపోవచ్చింది. సభ్యుల్ని ఒక్క మాట అడుగుతాను. శనివారం మధ్యాహ్నం బయల్దేరదాం. నాలుగింటికి తలుపులు తీసేసరికి ఏకాంబరేశ్వరుడి గోపురం కింద ఉందాం. చీకటి పడ్డాక కామాక్షి. రాత్రి అక్కడే. ఆదివారం ఆరింటికి కైలాసనాథుడు, అక్కడి నుంచి వైకుంఠ పెరుమాళ్. మూడంతస్తుల గుడి. ప్రాకారం గోడల మీద పల్లవ వంశం కథంతా బొమ్మల్లో చెక్కారు, అది నేను దగ్గరుండి చూపిస్తాను. పదింటికి వరదరాజస్వామి, బల్లి. పన్నెండుకు గుళ్లు మూశాక భోజనం చేసి పిళ్లయార్‌పాళెం. చీరలు కూడా అయిపోతాయి. చెయ్యెత్తండి, ఎవరుంటారు రాత్రికి?

ఒకటి, రెండు... ఆ నీలంచీర అమ్మాయి, సగం ఎత్తావేంటి, పూర్తిగా ఎత్తు. మీవారిని నేను అడుగుతాను. బానే ఉన్నారు, మినీ బస్సు నిండుతుంది. పేర్లు భోజనానికి ముందే ఆ బల్ల దగ్గర రాయించండి, భోజనమయ్యాక మీరెవరూ ఆగరని నాకు తెలుసు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పేరు పక్కన ఆ మాట రాయండి, కింది అంతస్తులో గదులు అడుగుతాం. ఎండకు రాళ్లు కాలతాయి, కాళ్లకు మేజోళ్లు తెచ్చుకోండి. నమస్కారం.