పాత ఎర్ర పిడి మోరా, కొత్త రబ్బరు పిడి మోరా

నమస్కారం అండీ. బొబ్బిలి నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ బల్ల మీద రెండే కత్తులున్నాయి. ఒకటి ఎర్ర రంగు వేసిన చెక్క పిడిది, రంగు సగానికి సగం పోయింది, బ్లేడు బూడిద రంగుకి తిరిగింది. రెండోది రబ్బరు పిడిది, కొని ఏడాదిన్నర అయింది. రెండూ మడత కత్తులు కావు, బ్లేడు పిడిలో కదలకుండా బిగిసి ఉండేవి. రెండూ స్వీడన్‌లోని మోరా అనే ఊరివి. ఊరి పేరే వస్తువుకి పేరైపోయింది, మన బొబ్బిలి వీణకి లాగా.

నేను గరిటెలు, తెడ్లు చెక్కుతాను. మా పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర మిగిలిన పనస కర్ర ముక్కలు దొరుకుతాయి, వాటితోనే నా పని. నేను చెక్కుతుంటే చూడటానికి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు ఆ ఎర్ర పిడి దాన్నే చేతిలోకి తీసుకుంటారు. "అసలైన కత్తంటే ఇదీ, ఆ రెండోది ప్లాస్టిక్కే కదా" అంటారు. ఆ మాట ఇన్నిసార్లు విన్నాక రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏడాదిపాటు ఒకే పనులు రెండింటితో చేసి చూశాను. పాతది కాబట్టి మంచిది అనే మాట నేనైతే ఒప్పుకోను. కొత్తది కాబట్టి మంచిదన్నా ఒప్పుకోను. ఎందుకో చూపిస్తాను.

ముందు పాతదాని సంగతి. ఇది మా మావయ్యది. ఆయనది సోంపేట దగ్గర, ఉద్దానం వైపు. ఆ పక్క ఊళ్ల నుంచి ఓడల్లోకి, వెల్డింగ్ పనులకి ఎంతమంది వెళ్తారో మీకు తెలుసు. మావయ్య కూడా సరుకుల ఓడలో పనిచేశాడు, 1997లో సెలవుకి వస్తూ ఈ కత్తి తెచ్చాడు. ఇరవయ్యేళ్లు కొబ్బరి తోటలో ఆయన నడుముకే ఉండేది. నేను చెక్కపని నేర్చుకుంటున్నానని తెలిసి, ఒకసారి పండక్కి వెళ్తే చేతిలో పెట్టాడు.

బ్లేడు మీద ఫ్రాస్ట్స్ అని ముద్ర ఉంది, కెమెరా దగ్గరకి తెస్తున్నాను, కనపడుతోందా? 1891లో ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ అనే ఆయన అమెరికాలో కలప పని చేసి సొంతూరు తిరిగొచ్చి, మంచు మీద దుంగలు లాగే బండ్లు చేయడానికి మోరా దగ్గర కార్ఖానా పెట్టాడు. బండ్లతోపాటు కత్తులూ చేశాడు, చివరికి కత్తులే నిలబడ్డాయి. 1912లో అక్కడే కే.జే. ఎరిక్సన్ అని ఇంకో కార్ఖానా వచ్చింది. రెండూ దశాబ్దాలపాటు పక్కపక్కనే పోటీగా నడిచి, 2005లో ఒకటైపోయాయి. ఇప్పుడు వచ్చేవాటి మీద మోరాక్నివ్ అని ఉంటుంది, క్నివ్ అంటే వాళ్ల భాషలో కత్తి. కాబట్టి మీ చేతికి ఏదైనా పాతది వస్తే ముందు ముద్ర చూడండి, వయసు ఒక అంచనాకి వస్తుంది.

కొత్తది కంపానియన్ అనే మోడల్. ఇది కూడా పూర్తిగా కొత్తదేమీ కాదు, దీనికి ముందు క్లిప్పర్ అని వచ్చేది, దాన్నే మార్చి ఈ పేరు పెట్టారు. నా దగ్గరున్నది స్టెయిన్‌లెస్.

ఇప్పుడు పిడి పట్టుకుందాం. పాతదాని పిడి బిర్చ్ అనే చలిదేశపు చెట్టు కర్ర, మధ్యలో కొంచెం ఉబ్బి రెండు చివర్లా సన్నబడుతుంది, బొంగరం పొడుగ్గా సాగదీసినట్టు. అరచేతిలో ఎలా తిప్పినా కూర్చుంటుంది. గరిటె గుంట అంచు చెక్కేటప్పుడు కత్తిని నిమిషానికి పదిసార్లు తిప్పి పట్టుకోవాలి. ఒకసారి బొటనవేలు బ్లేడు వీపు మీద, ఒకసారి పదును నా వైపు, ఒకసారి పక్కకి. ఆ పనికి ఈ గుండ్రటి చెక్క పిడిని మించింది నేను చూడలేదు. దీని అడుగున చూడండి, చిన్న ఇనప చుక్క కనిపిస్తోంది. బ్లేడు వెనక తోక పిడి అంతా దాటుకుని ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

కానీ దీనికి వేలు ముందుకి జారకుండా ఆపే అడ్డు లేదు. కిందటి వేసవిలో పనసకాయ కోస్తూ, జిగురు అంటకుండా చేతులకి నూనె రాసుకుని, అదే చేత్తో దీన్ని పట్టుకున్నాను. పిడి చేతిలోంచి ముందుకి జారి చూపుడు వేలు తెగింది, మూడు కుట్లు పడ్డాయి. తప్పు నాదే. నూనె చేత్తో నున్నటి చెక్క పిడి పట్టుకోకూడదు. కొత్తదానికి మాత్రం ఇదిగో, ఇక్కడ రబ్బరు లేచి అడ్డు కట్టినట్టుంది. అదే నూనె చేత్తో దీన్ని పట్టుకుని చూశాను, కదల్లేదు. చేపల నీళ్లలో, వానలో, పొలంలో చెమట చేతుల్లో దీన్ని నమ్మొచ్చు. ప్లాస్టిక్ అని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి తడి చేత్తో పట్టుకుని చూడాలి.

కొత్తదాని తోక మాత్రం పిడి చివరిదాకా రాదు, మధ్యలోనే ఆగిపోతుంది, చుట్టూ ప్లాస్టిక్, రబ్బరు పోతపోసి ఉంటాయి. కోతకి, చెక్కుడికి ఆ బలం చాలు. కత్తిని కర్ర మీద పెట్టి వీపు మీద దుడ్డుకర్రతో బాది చీల్చే అలవాటు మీకుంటే ఇది ఆ పనికి కాదు. ఆ పని కోసమనే వాళ్లు 2016లో గార్బెర్గ్ అని, తోక పిడి చివరిదాకా ఉన్నది, 3.2 మిల్లీమీటర్ల మందంతో తెచ్చారు. మన పక్క కట్టెలు చీల్చడానికి గొడ్డలి ఉంది, దానికోసం అంత డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

సరే, ఉక్కు. అసలు మాట్లాడాల్సింది ఇక్కడ.

పాతది కార్బన్ స్టీల్. అందులో కార్బన్ 1 శాతం దాకా ఉంటుంది. కొత్తది 12సి27 అనే స్టెయిన్‌లెస్, కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం దాకా. ఆ క్రోమియమే పైన సన్నటి పొరలా ఏర్పడి తుప్పుని ఆపుతుంది. పాతదాని మందం 2 మిల్లీమీటర్లు, కొత్తదానిది 2.5. చెప్పడానికి అర మిల్లీమీటరే, కానీ పనస కర్రలోకి దిగేటప్పుడు ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. పాతది దిగిపోతుంది, కొత్తదాన్ని కొంచెం నొక్కాలి.

మా మావయ్య వాళ్ల ఊరి నుంచి సముద్రం మహా అయితే నాలుగు కిలోమీటర్లు. అక్కడ ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలిపోతాయి. రెండు కత్తుల్నీ అక్కడికి పట్టుకెళ్లి, కోనాం చేప కోసి, నీళ్లతో మాత్రమే కడిగి, తుడవకుండా రాత్రంతా వసారాలో వదిలేశాను, కావాలనే. పొద్దున్న చూస్తే పాతదాని మీద నారింజ రంగు చుక్కలు, వేలితో రాస్తే వేలికి అంటుకున్నాయి. కొత్తది ఎలా పెట్టానో అలాగే ఉంది. బొబ్బిలిలో అదే పని చేస్తే పాతదానికి ఇంత తొందరగా ఏమీ కాదు, అది కూడా చేసి చూశాను.

ఇంకో సంగతి, చాలామంది పొరపడేది. పాతదాని బ్లేడు మీద ఈ బూడిద రంగు, అక్కడక్కడా నల్లటి మరకలు, ఇవి తుప్పు కావు. పచ్చి మామిడికాయ, చింతకాయ, నిమ్మకాయ కోసినప్పుడల్లా ఆ పులుపుకి ఉక్కు రంగు మారి ఇలా పొర కడుతుంది. ఎర్రగా, పొడిపొడిగా వస్తే తుప్పు. నల్లగా, నున్నగా ఉంటే అది అలాగే ఉండనివ్వండి, తుప్పుని కొంత అడ్డుకుంటుంది కూడా. ఇసుక కాగితంతో తోమి తెల్లగా మెరిపించకండి. వాడిన తర్వాత పొడిబట్టతో తుడిచి ఒక్క చుక్క కొబ్బరి నూనె రాస్తే చాలు. ఒకటుంది, కార్బన్ కత్తితో మామిడికాయ కోస్తే ముక్కకి కూడా ఆ నలుపు, కొంచెం ఇనప రుచి అంటుతుంది. మా అమ్మ ఒప్పుకోదు, పచ్చడికి దీన్ని ముట్టనివ్వదు.

అదలా ఉంచితే, మోరా కంపెనీ వాళ్లు కొన్ని చెక్కుడు కత్తులు, 120 నంబరుది లాంటివి, మధ్యలో గట్టి ఉక్కు పెట్టి రెండు పక్కలా మెత్తటి ఇనుము అతికించి చేస్తారు. ఇది మనకి కొత్తేం కాదు. నాగలి కర్రుకి, పారకి మన కమ్మరి దగ్గర "ఉక్కు పెట్టించుకు రా" అనేవాళ్లు కదా, ఆలోచన అదే. కోసే చోట గట్టిది, దెబ్బ ఓర్చుకునే చోట మెత్తది.

ఇక రెండింటిలో ఏం మారలేదో చూపిస్తాను, దీనికోసమే ఈ వీడియో. బ్లేడుని ఇలా వెలుతురికి పక్కగా తిప్పుతున్నాను. వీపు నుంచి సగం దాకా రెండు పక్కలా తిన్నగా ఉంది, అక్కడ ఒక గీత, ఆ గీత నుంచి అంచుదాకా ఒకే ఒక్క వెడల్పాటి వాలు. మన ఇంట్లో మామూలు కూరల కత్తికైతే ఆ వాలు చివర ఇంకో చిన్న వాలు ఉంటుంది, దీనికి పెద్ద వాలే నేరుగా పదునుగా ముగుస్తుంది. కొత్తవాటికి కార్ఖానాలో అంచున వెంట్రుకవాసి చిన్న వాలు వేసి పంపుతున్నారు, రెండుమూడు సార్లు నూరితే అది పోయి పాతదానిలాగే అయిపోతుంది. పిడి మారింది, ఉక్కు మారింది, కంపెనీ పేరు మారింది, ఈ వాలు మాత్రం అలాగే ఉంచారు. చెక్క మీద పెట్టగానే ఎంత లోతు దిగాలో మీ చేతికి తెలుస్తుంది, ఎందుకంటే వాలు చెక్కకి ఆనుకుని నడుస్తుంది, బడిత మీద చిత్రిక జారినట్టు.

నూరడం కూడా అందుకే తేలిక. సానరాయి తడిపి, ఆ వెడల్పాటి వాలుని రాయి మీద పడుకోబెట్టండి. కోణం మీరు లెక్కపెట్టక్కర్లేదు, వాలే రాయిని పట్టుకుంటుంది. అనుమానముంటే వాలంతా మార్కర్ పెన్నుతో రంగు వేసి పదిసార్లు రుద్దండి. రంగు అంతా పోతే సరిగ్గా పడుకున్నట్టు, అంచు దగ్గర మిగిలితే మీరు తక్కువ ఎత్తారు, గీత దగ్గర మిగిలితే ఎక్కువ ఎత్తేశారు. నేను ముందు గరుకుగా ఉండే 400 నంబరు రాయి, తర్వాత నున్నటి 1000 నంబరు రాయి, చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతాను. పాతదానికి పది నిమిషాలు, కొత్తదానికి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ. స్టెయిన్‌లెస్‌కి అంచున లేచే సన్నటి రేకు తొందరగా ఊడదు, అటూఇటూ మడుగుతూ ఉంటుంది.

ఈ వాలుని ఒకసారి పాడుచేసుకున్నాను. చెక్కపని మొదలుపెట్టిన కొత్తలో, సంతలో సాన చక్రం తిప్పే ఒకాయనకి పాత కత్తి ఇచ్చాను. నిప్పురవ్వలు ఎగురుతుంటే చూడ్డానికి బాగుంది, ఒక్క నిమిషంలో చేతికిచ్చేశాడు, వెంట్రుకలు కూడా కోసింది. ఇంటికొచ్చి చూస్తే మొన దగ్గర రెండంగుళాల మేర అంచు నీలంగా ఉంది. నాకప్పుడు తెలీదు, ఉక్కు నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని, కార్ఖానాలో పెట్టిన గట్టిదనం ఆ మేరకి పోయిందని. రెండు గరిటెలకే అక్కడ అంచు మడతపడిపోయింది. నీళ్లు పోయకుండా చక్రం మీద పెట్టినందుకు. ఆ నీలం భాగం అరిగి కిందనున్న మంచి ఉక్కు పైకి వచ్చేదాకా ఏడెనిమిది నెలలు రాయి మీదే నూరాను. ఈ బ్లేడు మొన దగ్గర సన్నగా కనిపించేది అందుకే. మీ దగ్గర ఏ మోరా ఉన్నా, దయచేసి ఎండు చక్రానికి మాత్రం ఇవ్వకండి.

వంటింటి మాట ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. కంద, క్యారెట్ లాంటి గట్టివాటిని రెండూ సరిగ్గా కోయవు, ముక్క తెగే లోపే పగిలిపోతుంది, వాలు చీలికలా పనిచేస్తుంది కాబట్టి. దానికి కత్తిపీటే సరి.

చట్టం గురించి కూడా చెప్పాలి. 2016 ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పున్న బ్లేడుల గురించి ఉంది, ఇంటికి, వ్యవసాయానికి వాడేవాటిని వేరుగా చూశారు. ఇవి నాలుగంగుళాలవే. అయినా పనికి వెళ్తుంటే ఒరలో పెట్టి సంచిలో వేసుకోండి, బజార్లో నడుముకి తగిలించుకుని తిరగొద్దు. విమానంలో చేతి సంచిలో అసలు కుదరదు.

ఇన్నీ చూశాక, చెక్కపనికి నా చెయ్యి ఎర్ర పిడి వైపే వెళ్తుంది. చేపలకి, తోటకి, వానకాలం బయట పనికి రబ్బరు పిడిది. ఒక్కటే కొనగలిగితే, మీరు భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కన ఉండేవాళ్లయితే స్టెయిన్‌లెస్ తీసుకోండి, పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇంతవరకు వీడియో తీశాక, మొన్న ఉద్దానం వెళ్లినప్పుడు రెండూ మావయ్య ముందు పెట్టాను. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి, వేళ్లు ముందులా బిగుసుకోవు. ఎర్ర పిడి దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ అరిగిన మొన తడిమి, "ఏటిరా అల్లుడా, దీన్ని ఇలా తినేశావు?" అన్నాడు. చక్రం సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. తర్వాత రెండోది పట్టుకుని ఒక తాటాకు మట్ట నిలువునా చెక్కుకుంటూ వెళ్లాడు, ఆపకుండా, చివరిదాకా. చెక్కిన మట్ట పక్కన పడేసి, కత్తిని లుంగీకి తుడిచి, ఒరలో పెట్టి తన నడుముకి తగిలించుకున్నాడు. "ఎర్రది నీ దగ్గరే ఉండనీ. ఇది నాకు వదిలీ, నువ్వు ఇంకోటి తెప్పించుకో" అన్నాడు.

అందుకే ఈ వీడియోలో చివరి చెక్కుడు సీన్లన్నీ ఎర్ర పిడి దానివే. కొత్తది ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.