పాముకూ ఒక ఊరు ఉంటుంది

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక పాము గురించి చెబుతాను. మన దేశంలో ఉండే పాము కాదు, అమెరికాలో ఉండేది. దాని తోక చివర గిలక ఉంటుంది. బెదిరితే ఆ గిలక ఆడించి చప్పుడు చేస్తుంది. పేరు ర్యాటిల్‌స్నేక్. ఆరిజోనాలోనో టెక్సాస్‌లోనో మీ పిల్లలుంటే అడిగి చూడండి, పెరటి గోడ పక్కనో నడకదారిలోనో కనబడిన సంగతి చెప్పొచ్చు.

ఈ పాము ఏడాది పొడవునా ఎక్కడెక్కడ తిరుగుతుందో చాలాకాలం ఎవరికీ సరిగా తెలియలేదు. పొదలోకి దూరిందంటే ఇక అంతే సంగతులు. పులికి కట్టినట్టు మెడకు పట్టీ కడదామంటే పాముకు మెడ ఎక్కడుంది? పైన అతికిద్దామంటే కుబుసంతో పాటు ఊడిపోతుంది. అందుకే రేడియో పరికరాన్ని ఒంట్లోనే పెట్టారు. పాముకు మత్తిచ్చి, పక్కన చిన్న గాటు పెట్టి, చిన్న ట్రాన్స్‌మిటర్‌ను లోపల అమర్చి, సన్నటి ఏరియల్ తీగను చర్మం కింద పోనిచ్చి కుట్లు వేస్తారు. కోలుకున్నాక పట్టుకున్న చోటే వదిలేస్తారు. హోవర్డ్ రైనర్ట్, డేవిడ్ కండాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1982లో ఈ ఆపరేషన్‌కు ఒక మెరుగైన పద్ధతిని రాసి పెట్టారు. ఆ తర్వాత పాముల మీద పనిచేసినవాళ్లలో చాలామంది ఆ దారినే పట్టారు.

ఇక వెతకడం. చేతిలో ఒక రిసీవర్, ఇంకో చేతిలో ఏరియల్. పూర్వం దూరదర్శన్ కోసం మన డాబాల మీద నిలబెట్టిన ఏరియల్ గుర్తుందా, అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నడవాలి. బీప్, బీప్ మంటూ ఎటువైపు గట్టిగా వినబడితే అటు వెళ్లాలి. పాము కనబడ్డ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ రెండు రోజులకో మూడు రోజులకో వెళ్లాలి. ఆ చుక్కలన్నీ మ్యాపు మీద పెట్టి అన్నిటికంటే బయట అంచున ఉన్న చుక్కలను కలిపితే, అదిగో, ఆ పాము తిరిగే ఇలాకా.

పెన్సిల్వేనియా అంటే మనవాళ్లకు ముందు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ రాష్ట్రంలోని అపలాచియన్ కొండల్లో టింబర్ ర్యాటిల్‌స్నేక్ అనే జాతి ఉంది. చలికాలమంతా బండరాళ్ల సందుల్లో, లోతైన నెర్రెల్లో, గుంపుగా పడుకుంటుంది. వసంతంలో బయటికొస్తుంది. కడుపుతో ఉన్న ఆడపాములు దూరం పోవు. ఎండ తగిలే రాళ్ల దగ్గరే ఉండి అక్కడే పిల్లల్ని కంటాయి. మిగిలినవి దట్టమైన అడవిలోకి వేటకు వెళ్తాయి. ఆ వేట గురించి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. పడిపోయిన చెట్టు మాను పక్కన చుట్ట చుట్టుకుని, గడ్డాన్ని ఆ మానుకు ఆనించి కూర్చుంటుంది. ఎలుకలూ ఉడతలూ మాను మీదుగానే పరుగెడతాయి కదా. ఆ దారి పక్కన గంటల తరబడి, కదలకుండా, కాచుకుని ఉంటుంది. చలి మొదలవగానే మళ్లీ తన పాత బండ సందుకే చేరుతుంది. ఏటా సాధారణంగా అదే సందు.

అన్నిచోట్లా ఇదే తీరు కాదు. వయోమింగ్ గడ్డి మైదానాల్లో మగపాములు ఆడపాముల్ని వెతుకుతూ దాదాపు ఒకే దిక్కుగా, తిన్నగా, చాలా దూరం వెళ్తాయని తేలింది. చోటును బట్టి నడక మారుతుంది. కానీ దాని చోటు దానికి ఉంటుంది.

మరి ఆ చోటు నుంచి ఎత్తుకెళ్లి ఎక్కడో వదిలితే ఏమవుతుంది? రైనర్ట్ ఇంకో సహచరుడితో కలిసి సరిగ్గా ఇదే పరీక్షించి 1999లో ప్రచురించారు. దూరం నుంచి తెచ్చి కొత్త అడవిలో వదిలిన పాములు ఒకవైపు, ఆ అడవిలోనే పుట్టి పెరిగినవి ఇంకోవైపు. రెండింటికీ రేడియోలు పెట్టారు. తెచ్చి వదిలినవి దిక్కు తెలియనట్టు తిరిగాయి, స్థానిక పాముల కంటే ఎంతో ఎక్కువగా తిరిగాయి. అంత తిరిగితే శత్రువుల కంట పడతాయి. చలికాలానికి తల దాచుకునే నెర్రె ఎక్కడుందో వాటికేం తెలుసు? స్థానిక పాముల్లో చనిపోయినవి 11 శాతం. తెచ్చి వదిలినవాటిలో సుమారు 55 శాతం. మళ్లీ చెబుతున్నాను, స్థానికమైనవి 11 శాతం, తెచ్చినవి 55 శాతం. అడవి మంచిదే. ఆహారమూ ఉంది. ఆ పాముకు ఆ అడవి తెలియదు, అంతే.

ఈ పద్ధతి మన దేశానికీ వచ్చింది. కర్ణాటకలోని అగుంబెలో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ బృందం 2008లో రాచనాగులకు ఇలాగే రేడియోలు అమర్చి వెంబడించడం మొదలుపెట్టింది. ఊళ్లో పట్టి దూరంగా తీసుకెళ్లి వదిలిన ఒక రాచనాగును కూడా గమనించారు. అదీ స్థానికంగా ఉన్న పాములా కుదురుగా లేదు.

మన ఊళ్లలో పాములు పట్టేవాళ్లు ఎంతో ధైర్యంతో, దయతో ఆ పని చేస్తున్నారు. చంపకుండా పట్టించినందుకు మనమూ సంతోషపడతాం. ఆ సంచీ బండికి తగిలించాక ఒక్క మాట అడగండి: ‘బాబూ, దీన్ని ఎక్కడ వదులుతారు?’ ‘చాలా దూరం, పెద్ద అడవిలో’ అంటే, దగ్గర్లోనే జనం తిరగని గట్టో, చెరువు పక్క తుప్పలో చూడమని అడగండి. మళ్లీ వస్తుందేమో అని మీకు టెన్షన్ ఉంటుంది, నిజమే. ఆరిజోనాలో ఇలా పట్టి వేరే చోట వదిలిన ర్యాటిల్‌స్నేక్‌లలో కొన్ని తిరిగొచ్చాయి కూడా. దానికి చేయాల్సిన పని మన పెరట్లోనే ఉంది. గోడవారగా పేర్చిన కట్టెలు, ఇటుకల కుప్ప తీసేయండి. కోళ్లకు వేసిన నూకలు రాత్రికి ఊడ్చేయండి. ఎలుక రాకపోతే దాని వెనక పాము వచ్చే అవసరం తగ్గుతుంది. పామును మాత్రం మీరు పట్టబోకండి. అటవీశాఖ వాళ్లకో, పట్టడం వచ్చినవాళ్లకో ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి అది ఎటు వెళ్తోందో చూస్తూ ఉండండి.