పాత బీఎంఎక్స్‌ని కొత్తది చేయొద్దు

(నల్లగొండలో పాత సైకిళ్ల ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగం)

పెద్దలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఎండ ముదరకముందే ముగిస్తాను.

ఇక్కడ రెండు పాత బీఎంఎక్స్‌లు, అంటే మట్టి గుట్టల మీద దూకించే చిన్న చక్రాల సైకిళ్లు, పక్కపక్కన నిలబెట్టాం. ఒకటి అద్దంలా మెరుస్తోంది. ఇంకోదాని మీద గీతలున్నాయి, రంగు అక్కడక్కడ లేచిపోయింది. పొద్దున్నుంచి అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "సార్, ఈ రెండోదాన్ని ఎప్పుడు బాగు చేస్తారు?" అది బాగు చేసిందే. బేరింగులన్నీ విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించింది. నాకు దాని మీదే మనసు. ఎందుకో చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

మా తరం నల్లగొండలో, పాలమూరులో సైకిల్ నేర్చుకుంది నాయన సైకిల్ మీద, లేకపోతే కిరాయి సైకిల్ మీద. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందేవి కావు. ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచి తొక్కినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. అమెరికాలో మాత్రం పిల్లల కొలతకే సైకిళ్లు వచ్చేశాయి. 1963లో ష్విన్ కంపెనీ 20 అంగుళాల చక్రాలతో స్టింగ్‌రే తెచ్చింది. 1970 దశకం మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పోరగాళ్లు మోటోక్రాస్ బైకు పందేలు చూసి, స్టింగ్‌రే లాంటి సైకిళ్లనే మట్టి గుట్టల మీంచి ఎగిరించడం మొదలుపెట్టారు. అదే బీఎంఎక్స్, అంటే బైసికిల్ మోటోక్రాస్. సైకిళ్లు ఆ దూకుడుకు తట్టుకోలేదు. దాంతో మంగూస్, రెడ్‌లైన్ లాంటి కంపెనీలు దిట్టమైన ఫ్రేములతో, ఫోర్కులతో ముందుకొచ్చాయి. 1982లో ఇంగ్లండ్‌లో రాలీ కంపెనీ బర్నర్ అనే బీఎంఎక్స్ అమ్మింది. అదే ఏడాది ఒహాయోలోని డేటన్‌లో మొదటి బీఎంఎక్స్ ప్రపంచ పోటీలు జరిగాయి. 2008లో ఈ ఆట బీజింగ్ ఒలింపిక్స్‌కీ ఎక్కింది. పిల్లల ఆటే కదా అని ఇళ్లల్లో పారేసిన బండ్లకు ఇవాళ ఇంత గిరాకీ రావడంలో వింతేముంది?

ఈ గీతల సైకిల్ గల్ఫ్ నుంచి సామాన్లతో పాటు వచ్చింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంటి వెనక పడి ఉండి, చివరికి తుక్కు కొట్టుకు చేరింది. స్టిక్కర్లు పోయాయి. ఇలాంటిది మీకు దొరికితే ముందు తలకిందులు చేయండి. పెడళ్ల ఇరుసు పట్టే గొట్టం అడుగున గానీ, వెనక చక్రం కూర్చునే పలకల మీద గానీ నంబరు కొట్టి ఉంటుంది. పొడి బట్టతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీయండి. ఎదురుగా వెలుతురు కొడితే అంకెలు కనపడవు. కంపెనీని, ఏడాదిని పట్టిచ్చే ఆధారం చాలాసార్లు ఆ నంబరొక్కటే.

ఇక విప్పడం. మన మామూలు సైకిల్ క్రాంకుకు, అంటే పెడళ్లు పట్టే చేతులకు, కాటర్ పిన్నులుంటాయి. సుత్తితో తడితే వస్తాయి. పాత బీఎంఎక్స్‌లలో చాలావాటికి పిన్నులుండవు, ఒకే కడ్డీని వంచి క్రాంకు చేస్తారు. ముందు ఎడమ పెడలు తీయాలి. దానిది ఎదురు మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తర్వాత ఎడమవైపు నట్టు, దాని వెనక బేరింగును పట్టి ఉంచే కోను, అవీ ఎదురు మరే. అలవాటు కొద్దీ తిప్పారంటే ఇంకా బిగుసుకుంటుంది, పానా జారి వేళ్లు గీరుకుపోతాయి. అవన్నీ వచ్చాక క్రాంకు మొత్తం పాములా మెలికలు తిరుగుతూ కుడివైపు నుంచి బయటికొస్తుంది. ఆ పెడళ్ల మర అర అంగుళం. మన షాపుల్లో మామూలుగా దొరికే పెడలు 9/16 అంగుళాలది, అది ఎక్కదు. రంధ్రం పెద్దది చేసి ఎక్కిద్దామనే మేస్త్రీలున్నారు. దండం పెట్టి వద్దనండి.

టైరు దగ్గర ఇంకో గమ్మత్తుంది. 20×1.75 అన్నా, 20×1¾ అన్నా లెక్కల మాస్టారుకు ఒకటే. రిమ్ముకు కాదు. మొదటిది కూర్చునే రిమ్ము వ్యాసం 406 మిల్లీమీటర్లు, రెండోది 419. బీఎంఎక్స్‌లకు ఎక్కువగా పట్టేది మొదటిదే. పిల్లల సైకిళ్లకు వేసే టైరే కాబట్టి ఊళ్లోనే దొరుకుతుంది, టెన్షన్ లేదు.

తుప్పు విషయంలోనే అసలు గొడవంతా. క్రోమ్ పూత మీద చుక్కలు చుక్కలుగా ఉన్న తుప్పుకు వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండ చేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే చాలు. క్రోమ్ కన్నా అల్యూమినియం మెత్తన కాబట్టి గీతలు పడవు. తీగల బ్రష్షు, గరుకు కాగితం దగ్గరికి రానీయొద్దు. తుప్పు బాగా పట్టిన ఇనుప భాగాల్ని ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టవచ్చు. అది విషం. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఆరుబయట చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పూయండి.

"ఇంత కష్టం ఎందుకు, మొత్తం కొత్తగా నికెల్ పూత చేయిస్తే పోలే?" అంటారు. చేయించవచ్చు. పాత క్రోమ్ పోవడానికి యాసిడ్‌లో ముంచుతారు. ఆ తర్వాత పాలిష్ చక్రానికి పడతారు. అప్పుడు వెల్డింగు అంచులు అరుగుతాయి, నేను చెప్పిన నంబరూ అరుగుతుంది. ఎప్పటిదో, ఎవరు చేశారో చెప్పే ఒక్క ఆధారాన్నీ డబ్బులిచ్చి మరీ చెరిపించుకున్నట్టు. రంగు కూడా అంతే. ఫ్యాక్టరీ రంగు సగమే మిగిలినా, తడిబట్టతో తుడిచి మైనం పూసి వదిలేయమంటాను. ఫ్రేముకు రంగు పూర్తిగా పోయి తుప్పు తింటుంటే అప్పుడు వేయించండి, తప్పు లేదు. ఆ మెరిసే సైకిల్‌ది అదే పరిస్థితి. దాని యజమాని చేసింది న్యాయమే.

ప్రదర్శనకు పెట్టేటప్పుడు చైను ఉన్న కుడివైపు జనం వైపు తిప్పండి. క్రాంకు ముందుకు అడ్డంగా, రెండు చక్రాల వాల్వులు కిందికి ఉంటే ఫొటోలో పొందికగా వస్తుంది. నీడలో పెట్టండి, మన ఎండకు హ్యాండిల్ ప్యాడ్ల రంగు నిలవదు. పక్కన ఒక అట్టముక్క మీద ఏ భాగం పాతది, ఏది కొత్తగా వేశారో రాయండి. సీటు మొన్న కొన్నదైతే మొన్న కొన్నదనే రాయండి. కొనేవాడు వచ్చినా ముందు చదివేది దాన్నే.

తొక్కొచ్చా అంటే, తొక్కొచ్చు. ముందు హ్యాండిల్ దిగే గొట్టం కింద, అడ్డ గొట్టం అతుక్కునే చోట వేలు పెట్టి తడమండి. ఉబ్బు తగిలినా, రంగులో సన్నటి అడ్డగీత కనిపించినా అది చూడ్డానికే తప్ప ఎక్కడానికి కాదు. దూకుళ్లు మాత్రం ఏ పాత ఫ్రేము మీదా వద్దు. ఎదురు మర ఎటు తిరుగుతుందో చేత్తో చూడాలనుకునే పిల్లలు ఇటు రండి, పానా ఇస్తాను.