ఆక్సిమీటర్ కంటపడని ఆక్సిజన్ కొరత

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కోవిడ్ కాలంలో అమెరికాలో నల్లజాతీయులు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు, ఆదివాసీ తెగలవారు శ్వేతజాతీయుల కంటే ఎక్కువగా ఎందుకు బలయ్యారని అడిగితే ఉద్యోగం, ఇల్లు, బీమా అనే మూడు జవాబులు వెంటనే వస్తాయి. ఆసుపత్రి గడప దాటి మంచం దొరికాక కూడా ఆ తేడా ఎలా వెంటాడిందో తెలుసుకోవడానికి ఈ రోజు ఊపిరితిత్తుల వైద్య నిపుణురాలిని ఆహ్వానించాం. డాక్టర్ గారూ, ముందుగా ఆసుపత్రి బయటి పరిస్థితిని క్లుప్తంగా చెప్పండి.

వైద్యురాలు: నమస్కారమండీ. షికాగో జనాభాలో నల్లజాతీయులు దాదాపు 30 శాతం. 2020 ఏప్రిల్ తొలి వారంలో నగర అధికారులు వెల్లడించిన కోవిడ్ మరణాల్లో మాత్రం వారి వాటా 70 శాతం దాకా ఉంది. బస్సులు నడిపేవారికి, వృద్ధాశ్రమాల్లో సేవలు చేసేవారికి, సరుకుల దుకాణాల్లో పనిచేసేవారికి ఇంట్లో కూర్చుని పనిచేసే వీలు ఎక్కడిది? అమెరికా ఆదివాసీలైన నవాహో తెగవారి ప్రాంతంలో 30 శాతం ఇళ్లకు కుళాయి నీరే లేదు. చేతులు పదే పదే కడుక్కోమన్న సలహా అక్కడ ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. ఈ తేడాలను జన్యువులకు అంటగట్టిన వాదనలూ వచ్చాయి కానీ, నాకు అవి బాధ్యత నుంచి తప్పించుకునే దారిగానే కనిపిస్తాయి.

వ్యాఖ్యాత: ఇక ఆసుపత్రి లోపలికి వద్దాం. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్‌కు ఒంటి రంగుతో సంబంధం ఏమిటండీ?

వైద్యురాలు: ఆ క్లిప్పులో ఒకవైపు నుంచి రెండు రకాల కాంతి వెలువడుతుంది. ఒకటి ఎర్రని కాంతి, రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హిమోగ్లోబిన్. ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఈ రెండింటినీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి కాబట్టి, వేలి అవతలివైపుకు చేరిన కాంతిని బట్టి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని లెక్కగట్టవచ్చు. 1970ల తొలినాళ్లలో ఈ సూత్రాన్ని కనిపెట్టిన జపాన్ ఇంజినీరు టకువో అవొయాగి, ప్రపంచమంతా తన పరికరం కోసం వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు. చిక్కంతా ఎక్కడుందంటే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. పైగా ఎంత కాంతి చేరితే ఎంత శాతం అని చెప్పే పట్టికను ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద పరీక్షలు జరిపి తయారుచేస్తారు. మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి పరీక్షకు 10 మంది చాలు, వారిలో ముదురు రంగు చర్మం ఉన్నవారు ఇద్దరుంటే సరిపోతుంది. ఒకరి కొలతలు తీసుకుని మరొకరికి చొక్కా కుట్టడమంటే ఇదే కదా!

వ్యాఖ్యాత: ఒకటి రెండు శాతం తేడా వస్తే అంత ప్రమాదమా అని శ్రోతలు అడగవచ్చు.

వైద్యురాలు: సగటున చూస్తే చిన్న తేడాయే. అయితే వైద్యంలో నిర్ణయాలు సగటు మీద జరగవు, గీత దగ్గర జరుగుతాయి. కోవిడ్‌కు వాడిన రెమ్‌డెసివిర్ మందుకు 2020లో ఇచ్చిన అత్యవసర అనుమతిలో అర్హతకు ఒక గీత ఆక్సిజన్ 94 శాతం లేదా అంతకంటే తక్కువ ఉండటం. ఇప్పుడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ షోడింగ్ బృందం 2020 డిసెంబరులో ప్రచురించిన పరిశీలన చూడండి. ఆక్సిమీటర్ 92 నుంచి 96 మధ్య చూపించిన సమయంలోనే ధమని నుంచి తీసిన రక్తాన్ని పరీక్షిస్తే, నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం సందర్భాల్లో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువగా ఉంది. శ్వేతజాతి రోగుల్లో అది 3.6 శాతమే. అంటే తెర మీద 93 కనబడుతున్న మనిషి లోపల ఆయాసంతో కుంగిపోతూ ఉండవచ్చు, కేస్ షీట్‌లో మాత్రం పరిస్థితి నిలకడగా ఉందనే రాస్తారు. ఇలా నల్లజాతి, లాటినో రోగులకు చికిత్స అర్హతను గుర్తించడం ఆలస్యమైందని 2022లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు చూపించారు.

వ్యాఖ్యాత: అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదా?

వైద్యురాలు: నాకు కోపం తెప్పించేది అదే. వెంటిలేటర్ మీద ఉన్న నల్లజాతి రోగుల్లో ఆక్సిమీటర్ ఎక్కువగా తప్పుతోందని జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు వైద్యులు 1990లోనే ఒక వైద్య పత్రికలో రాశారు. ముప్పై ఏళ్లపాటు అది తెలిసినవాళ్లకే తెలిసిన విషయంగా ఉండిపోయింది. 2020 ఆగస్టులో అమీ మోరన్-థామస్ అనే మానవశాస్త్రవేత్త ఈ పాత పరిశోధనలను బయటకు తీసి ఒక వ్యాసం రాశాకే మిషిగన్ వైద్యులు తమ రికార్డులు తిరగేశారు. మహమ్మారి కొత్తగా పుట్టించిన లోపం కాదిది. ఒకేసారి లక్షల వేళ్లకు ఆ క్లిప్పు ఎక్కడంతో దాచలేనంతగా బయటపడింది, అంతే.

వ్యాఖ్యాత: 2021 వేసవిలో మన తెలుగు ఇళ్లలోనూ పొద్దున్నే వేలికి క్లిప్పు పెట్టి, 94 దాటిందో లేదో చూసుకునేవారు. ఆ సంఖ్యను మనం ఎంతవరకు నమ్మవచ్చు?

వైద్యురాలు: బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 2021 జూలై ఆఖరులో ఇచ్చిన సలహానే చెప్తాను. నల్లజాతీయులు, మనబోటి ఆసియా సంతతివారు పరికరాన్ని మానేయనక్కర్లేదు. రీడింగుల అర్థం ఏమిటో మాత్రం వైద్యులను అడిగి తెలుసుకోవాలి. ఒక్క సంఖ్య మీదే ఆధారపడకుండా మార్పును గమనించాలి. నిన్న 98 ఉన్నది ఈ రోజు 95కు దిగితే, గీత దాటలేదు కదా అని ఊరుకోకండి. మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందంటే తెర మీద ఏముందన్నది పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరండి.

వ్యాఖ్యాత: మరి పరికరాలు మారుతున్నాయా?

వైద్యురాలు: పరీక్షలో 150 మందికి తగ్గకుండా, రకరకాల చర్మపు రంగులవారు ఉండాలని ఎఫ్‌డీఏ 2025 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. అయితే అది వైద్య అవసరాలకు వాడే ఆక్సిమీటర్ల గురించి. సాధారణ ఆరోగ్యం కోసమంటూ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే వాటిని ఆ సంస్థ పరిశీలించదు. ఇళ్లలో జనం కొనుక్కునేది ఎక్కువగా ఆ రకమేనండీ.